రాహేలమ్మ టీచరూ, మస్తానయ్య నాదస్వరమూ

మొన్న మధ్యాహ్నం నంద్యాలలో మా రికార్డింగు గదికి ఒక వీణ విద్వాంసురాలు వచ్చారు. ఆమె తీగలు సరిచూసుకుని సిద్ధమన్నాక నేను లేచి ఫ్యాన్ ఆపాను. రెక్కలు బద్ధకంగా తిరిగి తిరిగి నిలిచాయి. అంతవరకూ ఆ గాలి చాటున దాగిన చప్పుళ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పక్కింట్లో కుక్కరు, వీధి మలుపులో ఆటో, కిటికీ మీద పావురం గొంతులో గురగుర, అన్నీ సద్దుమణిగాక ట్యూబులైటు చేసే సన్నటి రొద. నేను కదలకుండా నిలబడటం చూసి ఆమె "ఏమైందండీ?" అన్నారు. "ఏం లేదమ్మా, గదిని వింటున్నాను" అన్నాను. ఆ మాట నాది కాదు. రాహేలమ్మ టీచరుది. ట్యూబులైటు కూడా ఆపి, కిటికీ వెలుతురులో ఆమె చేత వాయింపజేశాను గానీ, ఆ రోజంతా టీచరు నా వెనకే నిలబడి ఉన్నట్టు అనిపించింది.

ఆమెను ఎరగని వాళ్లకు ఎలా చెప్పాలి? ఎత్తరి మనిషి. గంజి పెట్టిన నూలుచీర, చేతిలో ఎండకూ వానకూ ఒకటే నల్లగొడుగు. తొంభైల్లో నేను చదివిన నంద్యాల ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం చెప్పేది. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేది. భర్త రైల్వేలో పనిచేసి చిన్న వయసులోనే పోయాడు. ఒక్క కూతుర్ని నర్సు చదివించి కర్నూలు పంపింది. మాటలో మెత్తదనం తక్కువ. ఎవరు ఎంత బాగా పాడినా "సరే" అనేది. ఆ "సరే" కోసం మేం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవానికి ఒక బృందగీతం తయారైంది. దాన్ని టేపులో పట్టి పై అధికారులకు పంపాలని హెడ్‌మిస్ట్రెస్ కోరిక. ఉన్నది ఒక్క టేప్ రికార్డరు, ఒక్క మైకు. టీచరు మమ్మల్ని వరసగా నిలబెట్టి పాడించింది, ఆ తర్వాత ఒక్కొక్కరి భుజం పట్టి జరపసాగింది. గొంతు పెద్దదైన వాళ్లు గోడ దగ్గరికి, సన్నగొంతు వాళ్లు మైకు దగ్గరికి. అందర్నీ సర్దాక నన్ను వరసలోంచే బయటికి లాగింది. "మే నిర్మలా, నీకు గొంతు ల్యాదు. చెవి ఉంది. ఈడ కూసోని ఇను. ఎవరు ముందుకొస్తే పాట బాగుంటాదో చెప్పు" అని ఇయర్‌ఫోను నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. కానీ చెవిలో పెట్టుకున్నాక ఏడుపు మర్చిపోయాను. వరసలో నిలబడి పాడినప్పుడు వినిపించిన పాట వేరు, ఆ తీగలోంచి వస్తున్న పాట వేరు. చివర నిలబడ్డ పిల్ల ఊపిరి కూడా నాకు తెలుస్తోంది. "టీచర్, జుబేదాను ఒక అడుగు వెనక్కి జరపండి" అన్నాను భయంభయంగా. జరిపింది. మళ్లీ విన్నాను. పాట అతుక్కుంది. టీచరు "సరే" అంది. ఇంటికి పోయి, పాటలోంచి తీసేసిందని మా నాయనతో చెప్పుకుంటే ఆయన నవ్వి "ఆ యమ్మ చెప్పిందాంట్లో తప్పేముంది పాపా? నువ్వు పాడితే మన ఎనుము కూడా పక్కకు జరుగుతాది" అన్నాడు. పాలిచ్చే గేదె మాట ఎత్తాక ఇంకేం వాదిస్తాం.

డిగ్రీ అయ్యాక నేనొక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు టీచరింటికి పోయేదాన్ని. అప్పటికామె ఇంటి ముందుగదిని రికార్డింగు గదిగా మార్చుకుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి చర్చి పాటలు పాడేవాళ్లు, భజన బృందాలు, తబలా వాళ్లు వచ్చి క్యాసెట్లు చేయించుకునేవారు. అక్కడ నేను నేర్చుకున్నదంతా ఒకే తీరుగా ఉండేది: ముందు చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టు, తర్వాతే మిషను ముట్టుకో. ఒకసారి పాణ్యం నుంచి కొత్తగా పెళ్లయిన అమ్మాయి హార్మోనియం వాయించడానికి వచ్చింది. వేళ్లు కదిలినప్పుడల్లా చేతినిండా గాజులు గలగలమంటున్నాయి. ఆమె వెంట వచ్చిన అత్తగారు ముఖం ముడుచుకుని "పెండ్లయిన పిల్ల, గాజులు తీయిస్తారా?" అని అడిగింది. "తీయొద్దు" అంది టీచరు. తన చేతిగుడ్డ ఒకటి, నాది ఒకటి తీసుకుని ఆ అమ్మాయి మణికట్లకు తానే చుట్టి, "ఇప్పుడు వాయించు తల్లీ" అంది. క్యాసెట్‌లో ఒక్క గాజు చప్పుడు లేదు. పోయేటప్పుడు అత్తగారు టీచరు రెండు చేతులూ పట్టుకుంది.

రెండువేల సంవత్సరం దాటాక క్యాసెట్లు మెల్లగా మూలపడ్డాయి. టీచరు రిటైరైంది. గదిలో టేపులు దుమ్ము పట్టాయి. ఇంటర్నెట్లో ఎవరైనా వీడియో పెట్టవచ్చని కొత్తగా తెలిసిన రోజులవి. ఒకరోజు ఆమెను మా వీధిలో ఉన్న నెట్ సెంటర్‌కు తీసుకుపోయి చూపించాను. వెతుకుతూ ఉంటే ఆళ్లగడ్డ వైపు పెళ్లిలో తీసిన ఒక వీడియో తునక దొరికింది. ఎవరు పెట్టారో తెలియదు. తెల్లపంచె కట్టిన పెద్దాయన నాదస్వరం వాయిస్తున్నాడు. మైకు మూతి ముందే పెట్టారేమో, శబ్దమంతా చిరిగిపోయి ఉంది. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా నాదస్వరం గుంటలో పడి మళ్లీ పైకి లేస్తోంది. కింద ఎవరో "రేకుడబ్బాలో తేనెటీగ" అని రాసి నవ్వారు. టీచరు చెవుల మీంచి హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టింది.

"ఈయప్ప నాకు తెలుసు. ఆళ్లగడ్డ మస్తానయ్య. నేను శానాసార్లు ఇన్నా. ఇది ఆయన వాద్యం కాదు."

"కెమెరాలో ఉన్న మైకు అట్లే పడుతుంది టీచర్. గట్టి చప్పుడొస్తే తనంతట తానే తగ్గించుకుంటుంది, మెత్తగా ఉంటే పెంచుతుంది" అన్నాను.

"అది నీకూ నాకూ తెలుసు. చూసేటోళ్లకేం తెలుసు? ఆయప్ప ఇంతే అనుకుంటారు." కాసేపు తెర వైపే చూసి, "రేపు ఆళ్లగడ్డకు పోదాం" అంది.

మస్తానయ్యది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే దూదేకుల కుటుంబం. గుళ్లలో, పెళ్లిళ్లలో నాదస్వరం వాయించడం కూడా ఆ ఇంటి విద్యే. తమ్ముడు కాశిం పరుపుల పని చేస్తూనే అన్నకు డోలు వాయించేవాడు. మేం వచ్చిన పని చెప్పగానే మస్తానయ్య తల అడ్డంగా ఊపాడు. ఆ వీడియో ఆయన ఇంతకుముందే చూశాడు.

"నా మొగం బాగనే పడింది టీచరమ్మా. నా సన్నాయి యాడ? ఊళ్లో పిలకాయలు నన్ను చూసి తేనెటీగ అంటాండారు. మీ పెట్టెల్లో నా వాద్యం పట్టదు. ఇడ్సిపెట్టండి."

"ఈ రోజు పెట్టె తీయం మస్తానన్నా" అంది టీచరు. "ఉత్తగా ఇనేదానికి వచ్చినాం. నువ్వు వాయిస్తే ఇంటాం, ల్యాకుంటే మజ్జిగ తాగి పోతాం."

ఆయన నవ్వి సన్నాయి తీశాడు. నిజంగానే మేం సంచి విప్పలేదు. ఆయన వాయిస్తుంటే టీచరు కళ్లు మూసుకుని చుట్టూ నడిచింది. దగ్గరికి, దూరానికి, పక్కకు, వెనక్కి. నన్నూ నడవమంది. ఇంట్లో నేలా గోడా అన్నీ నాపరాళ్లే, ఒక స్వరం పోకముందే ఇంకొకటి దాని మీద పడి అంతా అలికినట్టయింది. బయట చేను గట్టున వాయించమంటే గాలి చెవుల్లో హోరుమంది. కాశిం పరుపుల కొట్టంలో దూది మూటల మధ్య కూర్చోబెడితే, గొంతు పట్టుకున్నట్టు శబ్దం అక్కడే చచ్చిపోయింది. చివరకు కొట్టం ముఖద్వారంలో, వెనక పరుపులు, ముందు ఖాళీ జాగా ఉండేలా నిలబెట్టి వాయించమన్నాం. అప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నాదస్వరం ఆ ఆవరణంతా నిండి, దేన్నీ తగలకుండా దూరంగా సాగిపోయింది. మస్తానయ్య వాద్యం దించి, "మీరు ఇనే పద్ధతి బాగుందమ్మా. ఎప్పుడు చేస్తారో చేయండి, బేగా చేయండి. ముందరి పండ్లు కదుల్తాండాయి. పీకేయల్లంటాండాడు డాక్టరు. అవి పోతే సన్నాయి పట్టేదానికి కాదు" అన్నాడు.

వారంలోపలే మళ్లీ పోయాం. ఎండాకాలం. మధ్యాహ్నంపూట కరెంటు కోత. ఆ వేళే పోవాలనడం టీచరు ఎత్తు. కరెంటు పోతే ఊళ్లో ఫ్యాన్లూ మోటార్లూ శిల్పాల కొట్టాల్లో రాయి కోసే మిషన్లూ అన్నీ ఆగిపోతాయి. మా చిన్న రికార్డరూ కెమెరా బ్యాటరీల మీదే నడుస్తాయి. ఊరు నిజంగానే నిశ్శబ్దమైంది గానీ, దగ్గర్లో ఉలి చప్పుడు మాత్రం ఆగలేదు. ఆళ్లగడ్డలో దేవుళ్లను చెక్కేవాళ్లకు కరెంటుతో పనేముంది? టీచరు గొడుగు వేసుకుని ఆ కొట్టానికి పోయింది. ఏం చెప్పిందో గానీ, ఉలులు కిందపెట్టి, ఒంటినిండా రాతిపొడితో ఐదారుగురు శిల్పులు ఆమె వెంట వచ్చేశారు. "మస్తానప్ప వాయిస్తాంటే మేం పని చేస్తామా?" అంటూ కాస్త ఎడంగా నేలమీద కూర్చున్నారు.

కెమెరాను ఒకచోట, రికార్డరును ఇంకొకచోట పెడుతుంటే మస్తానయ్యకు అనుమానం వచ్చింది. "రెండెందుకు?" అన్నాడు. "కెమెరాకు కండ్లుండాయి గానీ చెవులు ల్యావన్నా. బొమ్మ దాంట్లో, శబ్దం దీంట్లో. ఇంటికి పోయినాక ఈ పిల్ల రెండూ కలుపుతాది" అంది టీచరు. కలిపేటప్పుడు గుర్తుకోసం కెమెరా ముందు నేనొక చప్పట్ల దెబ్బ కొట్టాలి. రికార్డరును ఆయన తలకన్నా ఎత్తులో, వాద్యం మూతికి తిన్నగా కాకుండా కొంచెం ఓరగా నిలబెట్టాను. డోలును కర్రతో కొట్టే వైపు పరుపులకు తిరిగేలా కాశింను సర్దాను. "ముందు అన్నిటికన్నా గట్టిగా పలికే సంగతి వాయించన్నా. దాన్ని బట్టి మట్టం పెట్టుకుంటే తర్వాత చిరగదు" అంది టీచరు.

ఆయన వాయించినది రికార్డు చేసి విన్నాం. ముందు టీచరు విని "సరే" అంది. తర్వాత నేను విన్నాను. పైస్థాయిలో స్వరం వెంట సన్నటి ఈలలాంటిదేదో వినిపిస్తోంది. మళ్లీ పెట్టుకుని విన్నాను. ఉంది. "టీచర్, పైన ఏదో ఈల వస్తోంది" అన్నాను. ఆమె తిరిగి హెడ్‌ఫోను పెట్టుకుని చాలాసేపు వింది. ఈలోగా మస్తానయ్య నోట్లో పెట్టుకునే రెల్లుపీకను ఊడదీసి వెలుతురుకు పట్టి చూశాడు. "నిజమే. పీక చీలింది. పాపకు మంచి చెవి" అన్నాడు.

టీచరు హెడ్‌ఫోను తీసి నా మెడలో వేసింది. "నాకు ఇనపడలే. ఏడాదిగా పైస్థాయిలు నాకు సరిగా ఇనపడటం ల్యా" అంది, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా. ఆమె మస్తానయ్య వైపు తిరిగి, "నీకు పండ్లు పోతాండాయి, నాకు చెవులు పోతాండాయి. రెండూ పోకముందే పని కానిద్దామన్నా" అంది. ఆయన పకపకా నవ్వాడు. శిల్పులు కూడా నవ్వారు. నేను ఒక్కదాన్నే నవ్వలేకపోయాను. ఆమె నా దగ్గరికి వచ్చి తక్కువ గొంతుతో, "ఇంక బాగుందో ల్యాదో నువ్వే చెప్పల్ల. నన్ను అడగొద్దు" అని పోయి శిల్పుల పక్కన కూర్చుంది.

కొత్త పీకతో మస్తానయ్య ఖరహరప్రియ రాగంలో ఒక కీర్తన ఎత్తుకున్నాడు. అట్లాంటి వాద్యం నేను అంతకుముందు వినలేదు. చెమట ఆయన గడ్డం మీదుగా కారుతోంది. చరణంలో ఆయన ఒక్క ఊపిరిలో మీదికి ఎగిసి అక్కడే నిలిచిన చోట, ఉత్సాహం పట్టలేక కాశిం డోలు గట్టిగా మోగించాడు. రికార్డరు మీద ఎర్రగుర్తు వెలిగింది. నా చెవిలో శబ్దం గుడ్డ చినిగినట్టు పర్రుమంది. క్షణంలో సర్దుకుంది. కీర్తన చివరిదాకా హాయిగా సాగింది. శిల్పులు భేష్ అన్నారు. ఆయన వాద్యం దించి తువ్వాలుతో నోరు తుడుచుకుంటే, తువ్వాలు మీద ఎర్రటి మరక కనిపించింది.

ఇప్పుడేం చెప్పాలి? అంత బాధలో వాయించిన మనిషిని, ఆ వయసులో, మళ్లీ వాయించమనాలా? ఒక్క రెప్పపాటు చోటు. వినేవాళ్లలో ఎందరికి తెలుస్తుంది? అలవాటు కొద్దీ టీచరు వైపు చూశాను. ఆమె కావాలనే ఎటో చూస్తూ కూర్చుంది. నెట్ సెంటర్లో చిరిగిపోయిన ఆ శబ్దం గుర్తొచ్చింది.

"ఇంకోసారి వాయించాలప్పా" అన్నాను.

ఆయన టీచరు వైపు చూశాడు. "నన్ను చూడొద్దన్నా. ఆ పిల్లను అడుగు" అంది ఆమె.

"యాడ చెడింది పాపా?"

"చరణంలో మీరు పైకి పోయి నిలిచినచోట. డోలు ఎక్కువై చిరిగింది. మీరు నిలిపిన స్వరం మధ్యలో తెగింది."

ఆయన కళ్లు మూసుకుని ఆ చోటును మనసులో మళ్లీ వాయించుకున్నట్టున్నాడు. "ఆడ తెగితే కీర్తనే ల్యాదు" అన్నాడు. నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు. "కాశిమూ, చెయ్యి అదుపులో పెట్టుకో" అని పీక నోట్లో పెట్టుకున్నాడు. నేను శబ్దం మట్టం కొంచెం తగ్గించి, రికార్డరును జానెడు వెనక్కి జరిపి, చప్పట్లు కొట్టాను. రెండోసారి ఆయన ఆ చోటికి వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. స్వరం పైకి పోయింది, నిలిచింది, నిలిచే ఉంది. ఎర్రగుర్తు వెలగలేదు. మొదటిసారికన్నా ఎక్కువసేపు నిలిపాడాయన.

వాయించడం అయ్యాక హెడ్‌ఫోను ఆయన తలకు పెట్టాను. కొంతసేపటికి ఆయన చెయ్యి ఆడటం మొదలుపెట్టింది, తాళం వేస్తూ. తీసేటప్పుడు ముఖంలో ఒక వింత వెలుగు. "ఇన్నేండ్లూ నేను నా వాద్యం ఎనక నిలబడే ఇన్నా. మందికి ఎట్ల ఇనపడ్తాదో ఈ పొద్దు తెలిసింది" అన్నాడు. టీచరును చూసి, "బాగనే వాయిస్తా కదా టీచరమ్మా" అన్నాడు. ఆమె "సరే" అనలేదు. "నీ అంతటోడు ల్యాడప్పా" అంది. ఆ మాట ఆమె నోట నేను విన్నది అదొక్కసారే.

బొమ్మనూ శబ్దాన్నీ కలిపి నంద్యాల నెట్ సెంటర్లో ఎక్కించడానికి ఒక పూట పట్టింది. మధ్యలో రెండుసార్లు లైను తెగి మళ్లీ మొదటినుంచి మొదలైంది. టీచరు పక్క కుర్చీలో గొడుగు ఒళ్లో పెట్టుకుని ఓపికగా కూర్చుంది. వివరాలు రాసేచోట మస్తానయ్య పేరు, కాశిం పేరు రాసి, "శబ్దగ్రహణం: రాహేలమ్మ" అని కొట్టాను. ఆమె వంగి చదివి, "తుడిచెయ్. ఇన్నది ఎవరు? ఇన్నోళ్ల పేరు రాయల్ల" అంది. నా పేరు నేనే కొట్టుకోవడానికి చేతులు రాలేదు. నేను కొట్టేదాకా ఆమె లేవలేదు.

మస్తానయ్యకు పళ్లు తీసేశారు. ఆ తర్వాత ఆయన కచేరీ చేయలేదు. కానీ ఆ వీడియో చూసి ఎక్కడెక్కడి నుంచో కుర్రవాళ్లు ఆళ్లగడ్డకు వెతుక్కుంటూ వచ్చారు. కొట్టం ముందు వాళ్లను కూర్చోబెట్టుకుని, నోటితో పాడి చెప్పేవాడు. తేనెటీగ అనే మాట ఊళ్లో మళ్లీ వినబడలేదని కాశిం చెప్పాడు. టీచరు మరికొన్నేళ్లు నా వెంట రికార్డింగులకు వచ్చింది. చెవులు బాగా మందగించాక కూడా వచ్చి, నాకు కనబడని చోట చూసుకుని కూర్చునేది. అది ఎందుకో నాకు అర్థమయ్యేది. ఆమె పోయిన రోజు చర్చి నిండా ఆమె దగ్గర పాడిన ఆడవాళ్లే. హార్మోనియం ఎవరు వాయించాలో తేల్చుకోలేక, వాద్యం లేకుండానే పాడారు. నేను పాడలేదు. చివరి వరసలో కూర్చుని విన్నాను.

ఇప్పటికి ఎందరి వాద్యాలో పట్టాను. నాకన్నా పెద్దవాళ్లు, పేరున్నవాళ్లు, సహనం లేనివాళ్లు. "మళ్లీ వాయించండి" అనాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ నాకు భయమే. చెడిన చోటు ఏదో చెప్పి మరీ అడుగుతాను. అడిగేటప్పుడు మాత్రం "సరే" కోసం ఎవరి ముఖం వైపూ చూడను.